‘వద్దు’ వేరు, ‘కాదు’ వేరు: కళ్లతో మాట్లాడే ఒక పాప కేస్ స్టడీ

ఈ పాపను మా క్లినిక్‌కు మొదటిసారి తీసుకొచ్చింది 2023 జూన్‌లో. అప్పటికి ఆమెకు ఏడేళ్లు, నోటితో మాటలు రావు. తల్లి పాపను చంకనెత్తుకుని లోపలికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, సంచిలోంచి ఒక ట్యాబ్ తీసి బల్ల మీద పెట్టి, “ఇది పనిచేయట్లేదు మేడం” అన్నారు. ఆన్ చేసి చూశాను. ఛార్జింగ్ ఉంది, బొమ్మలు కనిపిస్తున్నాయి, నొక్కితే మాట వినిపిస్తోంది. బంధువులు కొనిచ్చిన ఆ ట్యాబ్ ఆరు నెలలుగా ఇంట్లో ఉంటే, పాప దానితో చెప్పినవి రెండే మాటలట: ‘నీళ్లు’, ‘టీవీ’. ఆ తల్లి మాటలో ఉన్న నిజం నాకు బోధపడటానికి చాలా నెలలు పట్టింది. ఆ నెలల్లో నేను చేసిన పొరపాట్లతో సహా, కుటుంబం అనుమతితో, వారిని గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసును ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పాప నెలలు నిండే పుట్టింది. మూడో రోజున పచ్చకామెర్లు కనిపించినా, ఎండ పొడ తగిలితే తగ్గుతాయనుకుని ఇంట్లోనే ఉంచారు. ఐదో రోజుకు పాలు తాగడం మానేసి, ఒళ్లు విల్లులా వెనక్కి విరవడం మొదలయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తంలో పచ్చకామెర్లకు కారణమయ్యే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం మితిమీరి, మెదడులోకి చేరి, కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియాను దెబ్బతీయడాన్ని కెర్నిక్టరస్ అంటారు. దీనికి పుస్తకాలు చెప్పే ఆనవాళ్లు నాలుగు: కండరాలు వాటంతటవే మెలికలు తిరిగే డిస్కైనెటిక్ రకం సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే కదలికల లోపం), వినికిడి లోపం, కళ్లను పైకి తిప్పలేకపోవడం, పాలపళ్ల ఎనామిల్ సరిగా ఏర్పడకపోవడం. వీరిలో చాలామందికి తెలివితేటలు పైకి కనిపించేదానికంటే ఎంతో మెరుగ్గా ఉంటాయి. ఆ నాలుగింటినీ నేను పరీక్షల కోసం బట్టీపట్టినదాన్నే. అయినా ఈ కేసులో మూడోదాన్ని మొదట్లో పట్టించుకోలేదు.

కూర్చోవడానికీ కదలడానికీ పాపకు పూర్తిగా ఇతరుల సాయం కావాలి. కదలికల సామర్థ్యాన్ని కొలిచే జీఎంఎఫ్‌సీఎస్‌లో ఐదో స్థాయి, అంటే అన్నిటికంటే తీవ్రమైనది. వేలు పెట్టి చూపించడం కుదరదు, చెయ్యి గురి దగ్గరకు చేరేలోపే మెలిపడిపోతుంది. వినికిడి విషయానికొస్తే, వినికిడి నరం స్పందనను చూసే బెరా పరీక్షలో తరంగాలు సరిగా రాలేదు, లోపలి చెవి పనితీరును చూసే ఓఏఈ పరీక్ష మాత్రం సరిగా వచ్చింది. అంటే ఆడిటరీ న్యూరోపతీ. ఇలాంటి పిల్లలకు శబ్దం వినిపిస్తుంది గాని మాట విడివిడిగా అందదు, గోలగా ఉన్న చోట మరీను. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా కూర్చుని నిదానంగా చెబితే ఈ పాప బాగానే అందుకుంటుంది. భావ వినిమయాన్ని కొలిచే సీఎఫ్‌సీఎస్‌లో (ఒకటో స్థాయి అన్నిటికంటే మెరుగు, ఐదోది అన్నిటికంటే తీవ్రం) అప్పటికి నాలుగో స్థాయి ఇచ్చాను: బాగా తెలిసినవారితో కూడా ఒకసారి కుదిరి, ఒకసారి కుదరని స్థితి.

మన పల్లెల్లో కథ చెప్పే పెద్దవాళ్లు పిల్లలను “ఊ కొట్టు” అంటారు. ఊ ఆగిపోతే కథ ఆగిపోతుంది. వినేవాడు విన్నాడని చెప్పేవాడికి తెలియాలి, తెలిసిందని వినేవాడికీ తెలియాలి. అప్పుడే తరువాతి మాట. మనస్తత్వ శాస్త్రవేత్తలు హెర్బర్ట్ క్లార్క్, సూసన్ బ్రెన్నన్ 1991లో ‘గ్రౌండింగ్’ పేరుతో వివరించినది స్థూలంగా ఇదే. మామూలుగా మాట్లాడేవాళ్లు నిమిషానికి సుమారు 150 మాటలు పలుకుతూ, ఆ వేగంలోనే ఊ కొడుతూ, అడ్డుపడుతూ, “అది కాదు, నేననేది...” అని సర్దుకుంటూ పోతారు. బొమ్మల చార్టుతోనో పరికరంతోనో మాట్లాడేవారిలో చాలామంది నిమిషానికి 15 మాటలు దాటరు. మా పాపకు ఒక మాట చూపడానికే అర నిమిషం పట్టేది. అంత ఖాళీలో ఎదుటివాళ్లు ఊరుకోలేరు. సగం మాటకే మిగతా సగం తామే చెప్పేస్తారు. అలా చెప్పినది తప్పయితే, తప్పని చెప్పే దారి ఆ బిడ్డకు ఉందా లేదా అన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న అయింది.

నేను మొదట తయారుచేయించినది ఒక అక్రిలిక్ షీటు. తలుపు అద్దంలా దాని గుండా అవతలివైపు కనిపిస్తుంది. మధ్యలో కిటికీలా కోసి, చుట్టూ బొమ్మలు అంటించాం. పాప ఒకవైపు, మాట్లాడేవారు మరోవైపు కూర్చుంటే, ఏ బొమ్మ మీద చూపు నిలిచిందో ఎదుటివారికి నేరుగా తెలుస్తుంది. ఖరీదు తక్కువ, కరెంటు అక్కర్లేదు. మొదటి షీటులో 16 గడులు. ముఖ్యమైనవి వెంటనే కనపడాలని ‘అవును’, ‘వద్దు’ రెండింటినీ పై వరుస మూలల్లో పెట్టాను. తిండి, నీళ్లు, బాత్రూము, టీవీ, ఇంట్లోవాళ్ల ఫొటోలు కింద. ఆరు వారాలు గడిచాయి. పాప కింది వరుసలు చూసేది, పై వరుస ఊసే ఎత్తేది కాదు. “అవును, వద్దు అనే భావన ఇంకా పూర్తిగా ఏర్పడలేదు” అని ఫైలులో రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ ఫైలులో ఉంది. కొట్టేయకుండా పక్కన తేదీ వేసి సరిదిద్దుకున్నాను.

ఆగస్టులో ఇంటికి వెళ్లాను. గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. వరండాలో నవారు మంచం, పాపకు వడ్రంగి చేసిచ్చిన ప్లైవుడ్ కుర్చీ, దానికి ముందు బల్ల. తల్లి వంటపనిలో ఉంటే నాయనమ్మ షీటు పట్టుకుని కూర్చున్నారు. ఆమెకు భుజం నొప్పి. చేతులు పైకి లేవవు. షీటును నేను నేర్పినట్టు ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకోకుండా ఒళ్లో ఆనించుకున్నారు. దాంతో పై వరుస పాప చూపుకు సూటిగా, కింది వరుస దాదాపు మోకాళ్ల మీదికి వచ్చింది. “ఏవమ్మలూ, పిల్లి వచ్చిందా?” అని ఆమె అడిగితే, పాప కళ్లు నేరుగా ‘అవును’ మీదికి వెళ్లి నిలిచాయి. నేను లేచి నిలబడ్డాను. మళ్లీ అడగమన్నాను. మళ్లీ అదే. ఆరు వారాలుగా నేను ఆ బిడ్డ చూడలేని చోట ‘అవును’ పెట్టి, భావన లేదని రాశాను. పైకి చూడాలంటే ఆమె తల వెనక్కి వాల్చాలి. తల వాల్చగానే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. అందుకే ఆమె పైకి చూడటం ఎప్పుడో మానుకుంది.

ఆ రోజు నాయనమ్మ దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాను. పాప ఒక బొమ్మ చూడగానే ఆమె, “ఊ, పిల్లి అన్నావు” అనేవారు. తరువాత ఏమీ అనేవారు కారు. తమలపాకు మడుచుకుంటూ కూర్చునేవారు. వీడియోలో లెక్కచూస్తే ఒక్కోసారి ఆ మౌనం 20 సెకన్లు ఉంది. తల్లి అదే పరిస్థితిలో రెండు మూడు సెకన్లలో తరువాతి ప్రశ్న అడిగేస్తున్నారు, నేనూ అంతే. ఈ రంగంలో ‘ఆశతో నిరీక్షించడం’ అని శిక్షణల్లో చెప్పే పద్ధతిని ఆమె ఏ శిక్షణా లేకుండా చేస్తున్నారు, ఆమెను అడిగితే “తొందరేముంది తల్లీ, యాడికి పోవాలి?” అన్నారు.

షీటు మార్చాం. పై వరుస తీసేశాం. గడులన్నీ కంటి మట్టానికీ కిందికీ తెచ్చాం. ఇక్కడే ‘వద్దు’ సంగతి బయటపడింది. ‘అవును’, ‘వద్దు’ చేతికి అందగానే పాప రోజంతా ‘వద్దు’ అనడం మొదలుపెట్టింది. పెరుగన్నమా? వద్దు. పప్పన్నమా? వద్దు. పడుకుంటావా? వద్దు. “మొండితనం నేర్చుకుంది మేడం” అని తల్లి ఫోను చేశారు. ఒక మధ్యాహ్నం అన్ని ప్రశ్నలకూ వద్దంటే కంచం తీసేశారట, సాయంత్రం దాకా ఏడ్చిందట. ఆ రోజు వీడియో తెప్పించుకుని చూశాను. పాప మొదట చూసింది ‘నాన్న’ ఫొటోను. దాన్ని ఎవరూ గమనించలేదు. అడిగినవన్నీ తిండి ప్రశ్నలు. ఆమె చెప్పదలచింది “నేననేది అది కాదు” అని. ఆమె చేతిలో ఉన్నది ‘వద్దు’ ఒక్కటే.

ఇంగ్లీషులో ‘నో’ ఒక్కటి చాలు. ‘అక్కర్లేదు’, ‘అది కాదు’, ‘లేదు’ మూడింటికీ దాన్నే వాడొచ్చు. తెలుగులో ఈ మూడింటినీ కలపం. అన్నం వద్దు, ఇది అన్నం కాదు, అన్నం లేదు. వీటికి తోడు రాదు, తెలియదు, చాలు. ఇంగ్లీషు గడుల లెక్కన తయారైన బొమ్మల పట్టికను తెలుగులోకి దించినప్పుడు, ఎర్ర గుర్తు ఉన్న ఒక్క గడి కింద ఒక్క తెలుగు మాట రాస్తాం. ఆ ట్యాబ్‌లో అలాగే ఉంది, నా షీటులోనూ నేను అలాగే చేశాను. దాని ఫలితంగా, పెద్దవాళ్లు తప్పు ఊహించినప్పుడల్లా ఆ బిడ్డ వాళ్ల ఊహను తిరస్కరిస్తుంటే, వాళ్లకు వస్తువును తిరస్కరిస్తున్నట్టు వినిపించింది. సంభాషణలో సవరణకు వాడవలసిన మాట అలకగా మారిపోయింది.

‘కాదు’ను విడిగా, కుడివైపు చూపు సులువుగా చేరే చోట పెట్టాం, ‘లేదు’ను దాని కింద. నేర్పడానికి ఒక ఆట పెట్టాం: నాయనమ్మ పిల్లిని చూపించి “ఇది గేదె కదూ?” అని అడుగుతారు, పాప ‘కాదు’ అనాలి. మూడో రోజుకే అందరూ కావాలని తప్పులు చెప్పడం, పాప నవ్వుతూ దిద్దడం ఇంట్లో సాయంకాలపు వినోదమైంది. దీనికి నేను అనుకున్న గడువు రెండు నెలలు.

షీటులో ఇంకో లోటు 2024 మార్చిలో తెలిసింది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు కుటుంబం బయలుదేరుతోంది. పక్కింటి అమ్మాయి పాపకు ఏకైక స్నేహితురాలు. పాప ఆమెకు ‘మేము’, ‘బండి’, ‘గుడి’ చూపించింది. ఆ అమ్మాయి ముఖం ముడుచుకుని ఇంటికి వెళ్లిపోయింది. పాప అన్నది “మనం పోదాం” అని. షీటులో ‘మనం’ లేదు. తప్పు మళ్లీ నాదే, మళ్లీ అదే రకం తప్పు. ‘పెద్దమ్మ’, ‘పిన్ని’, ‘అత్త’ ముగ్గురికీ విడివిడిగా ఫొటోలు పెట్టాలని ఆలోచించినదాన్ని, ‘మనం’, ‘మేము’ల దగ్గర బోల్తాపడ్డాను. మరునాడు ‘మనం’ గడి అంటించి పంపాను.

ఇక 2024 సెప్టెంబర్ సంభాషణ. ఆ నెల మొదటి రోజున బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. పాప అమ్మమ్మ ఇల్లు అక్కడే, కింది అంతస్తు. అమ్మమ్మను పడవలో బయటికి తెచ్చారు. ఇంట్లో పది రోజులు ఫోన్లు, టీవీ వార్తలు, ఏడుపులు. నెల మూడో వారంలో క్లినిక్‌లో తల్లీపాపా షీటుకు చెరో పక్క కూర్చున్నారు, నేను వీడియో తీస్తున్నాను.

పాప ‘అమ్మమ్మ’ను చూసింది. “ఊ, అమ్మమ్మ” అన్నారు తల్లి, ఆగారు. ‘నీళ్లు’. “అమ్మమ్మ, నీళ్లు. అమ్మమ్మ ఇంట్లోకి నీళ్లొచ్చాయనా?” ‘అవును’. “వచ్చాయి నాన్నా, పోయాయి కూడా. ఇప్పుడు లేవు.” మాట అక్కడితో ముగిసిందని ఆమె అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పాప ‘కాదు’ మీద చూపు నిలిపింది. “పోలేదనా?” ‘కాదు’. “అమ్మమ్మకు దెబ్బ తగిలిందనా?” ‘కాదు’. “భయమేసిందా?” జవాబు లేదు. చాలాసేపటికి ‘నాది’. “నీకు నీళ్లు కావాలా?” మళ్లీ ‘కాదు’. పక్కనే ‘వద్దు’ ఉన్నా అటు చూడలేదన్నది గమనించాలి.

తరువాత పాప షీటు నుంచి చూపు తిప్పేసి, తన ముందున్న బల్ల వంక చూడసాగింది. అలసిపోయిందనుకున్నాను. “ఇవాళ్టికి చాలు” అనబోయాను. తల్లి చెయ్యెత్తి నన్ను ఆపారు. బల్ల, తల్లి ముఖం, మళ్లీ బల్ల. “బల్లా?” ‘కాదు’. “కుర్చీయా?” పాప నోరు తెరుచుకుంది. “ఈ కుర్చీయా?” ‘కాదు’, వెంటనే ‘అమ్మమ్మ’. తల్లి షీటు కింద పెట్టేశారు. “అక్కడి కుర్చీయా? అమ్మమ్మ ఇంట్లో నీ కుర్చీ ఏమైందని అడుగుతున్నావా?” పాప ఒళ్లంతా బిగుసుకుంది, తల కుడివైపుకు తిరిగిపోయింది, చెయ్యి చాచుకుపోయింది. ఏడాది క్రితం వరకు ఇంట్లో ఆ తల తిప్పడాన్ని ‘వద్దు’గా చదివేవారు. మెడ తిరిగిన వైపు చెయ్యి చాచుకునే ఆ పసిప్రాయపు రిఫ్లెక్స్ ఈ పిల్లలకు పోకుండా ఉండిపోతుంది. ఎంత ఉత్సాహమైతే అంత తిరుగుతుంది. ఆమె గట్టిగా ‘అవును’ అనుకున్నప్పుడల్లా వాళ్లకు ‘వద్దు’ కనిపించేదన్నమాట.

అమ్మమ్మ ఇంట్లోని ఆ రెండో ప్లైవుడ్ కుర్చీ నీళ్లలో నాని, ఉబ్బి, బురదతో పాటు పారేసిన సామానులో పోయింది. తల్లి షీటు మళ్లీ ఎత్తి పట్టుకుని ఆ మాట చెప్పారు. పాప బల్ల వంక చూసి, ‘లేదు’ మీద చూపు నిలిపి, ఏడ్చింది. షీటులో ‘కుర్చీ’ గడి లేదు, ‘వరద’ లేదు. ఉన్నవాటితో, గదిలోని వస్తువుతో కలిపి “కుర్చీ లేదు” అనే వాక్యం కట్టింది. మొత్తం 11 నిమిషాలు. “దీనికి తెలియదనుకుని చెప్పలేదు మేడం” అన్నారు తల్లి, పాపను ఒళ్లోకి తీసుకుంటూ.

ఆ వీడియోను నేను చాలాసార్లు చూశాను. చెప్పినది ఎవరు? కుర్చీ అన్న మాట పలికింది తల్లి, ఎంచుకున్నది పాప. ఇద్దరూ కలిసి అల్లిన వాక్యం అది, ఏ ఒక్కరిదీ కాదు అనడం తేలిక. కాని ఈ తేలికదనంలో ప్రమాదం ఉంది. బిడ్డ చెయ్యి పట్టుకుని అక్షరాల మీద నడిపించే ‘ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్’లో మాటలు సాయం చేసేవారివేనని పరీక్షల్లో తేలింది, దాన్ని వాడవద్దని అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 2018లో కూడా స్పష్టంగా ప్రకటించింది. ఊహించి సాయపడటానికీ, నోట్లో మాట పెట్టడానికీ మధ్య గీత సన్ననిది. మేము పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి: పాప తలను గాని చేతిని గాని ఎవరూ తాకరు; ఊహ కుదిరినట్టు అనిపించాక మొత్తం వాక్యాన్ని తిరిగి చెప్పి, “ఇదేనా, కాదా?” అని అడిగి, షీటు ముందుంచి ఆగుతారు, నెలకొకసారి వీడియోను శబ్దం తీసేసి, ప్రశ్నలు తెలియని నా సహోద్యోగికి చూపించి, చూపు ఎక్కడ నిలిచిందో రాయిస్తాను. మా ఇద్దరి నమోదులూ పొసగని చోట్లను లెక్కలోకి తీసుకోను. ‘కాదు’ అనే మాటను తరచూ, సందర్భానికి తగినట్టు వాడగల బిడ్డ ‘అవును’ అంటేనే నాకు నమ్మకం.

బడి గురించి కొంతే చెబుతాను, ఎందుకంటే అక్కడ సాధించినదీ కొంతే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ‘కమ్యూనికేషన్’ నిర్వచనంలోనే ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులను చేర్చింది. షీటుతో క్లాసులో కూర్చోవడం దయాదాక్షిణ్యాల సంగతి కాదు. పాప వారానికి రెండు రోజులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వెళ్తుంది. టీచరు శ్రద్ధ ఉన్నవారే, కాని అడిగేవన్నీ జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు: ఇది ఏ రంగు, ఇది ఏ జంతువు. ఇద్దరికీ తెలిసినదాన్ని ఒకరికొకరు అప్పజెప్పుకోవడంలో అర్థం చేసుకోవలసిన పని ఏముంటుంది? అందుకని ఇంటి నుంచి రోజూ ఒక డబ్బాలో ఏదో ఒక వస్తువు పెట్టి పంపమన్నాం. అందులో ఏముందో, అది ఎవరిదో టీచరుకు తెలియదు, పాపకే తెలుసు. ఆ పావుగంట బాగా సాగుతోంది. గోలగా ఉండే మిగతా సమయంలో ఫ్యాను కింద, గుంపు మధ్యలో ఆమెకు మాటే సరిగా అందదు.

ఆ ట్యాబ్‌కూ ఇప్పుడు పని దొరికింది. అందులో రోజూ రెండు ఫొటోలు తీసి ఉంచుతారు. నిన్న జరిగినదాని గురించి పాప చెప్పాలనుకున్నప్పుడు వాటిని ముందు పెడతారు. షీటులో గడులు ఇప్పుడు 48, మూడు పుటలుగా. సీఎఫ్‌సీఎస్ మూడో స్థాయి: తెలిసినవారితో నిలకడగా మాట్లాడగలుగుతోంది, కొత్తవారితో ఇంకా కష్టమే.

పోయిన వారం ఈ వ్యాసం చిత్తుప్రతిని పాపకు చదివి వినిపించాను. ఆమె కథ కాబట్టి ఆమెకు చెప్పకుండా ప్రచురించడం నాకు ఇష్టం లేదు. ఒక్కో పేరా చదివి ఆగాను. నాయనమ్మ పక్కన కూర్చుని ఊ కొట్టారు. వరద భాగం దగ్గర పాప ‘కాదు’ అంది. కుర్చీ విషయమా? ‘కాదు’. ఏడ్చిందని రాయకూడదా? ‘కాదు’. నీళ్ల సంగతా? చూపు ‘అవును’ దాకా వెళ్లి, నిలవకుండా ‘అమ్మమ్మ’ మీదికి జారింది, అక్కడి నుంచి కిటికీ వైపుకు. అరగంట కూర్చున్నాం, తేలలేదు. బస్సు వేళయింది. బుధవారం మళ్లీ వస్తారు.